తేలిక విమానాల్లో కుటుంబ విహారం: పశ్చిమ ప్రకాశం

ఇద్దరు మొదలు ఆరుగురి దాకా కూర్చోగలిగి, చాలావరకు ఒకే ఇంజన్‌తో నడిచే చిన్న విమానాలను తేలిక విమానాలంటారు. లైసెన్సు ఉన్న పైలట్ తన ఇంటివాళ్లను అందులో ఎక్కించుకుని, అరగంటో గంటో ఆకాశంలో తిప్పి, బయల్దేరిన చోటే దింపితే అది కుటుంబ విహారం. దీనికి టికెట్టు ఉండదు, చేరాల్సిన ఊరూ ఉండదు. మన పెద్దవాళ్లు విమానాన్ని గాలిమోటారు అనేవారు. పెద్ద జెట్ల విషయంలో ఆ మాట వెనకబడిపోయింది కానీ, ముందు ప్రొపెల్లరు తిరుగుతూ స్కూటరులా పెట్రోలు తాగి నడిచే ఈ నాలుగు సీట్ల బండికి నేటికీ అదే సరైన పేరు.

పశ్చిమ ప్రకాశమని పిలిచే మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతంలో ఫ్లయింగ్ క్లబ్బు లేదు, విమానాలు దిగుతున్న రన్‌వే కూడా లేదు. ఇక్కడి పిల్లలు పైలట్లయితే తల్లిదండ్రులను తిప్పేది హైదరాబాద్, బెంగళూరు వైపునో, అమెరికా చిన్న పట్నాల ఎయిర్‌పోర్టుల నుంచో. అయినా ఈ ప్రాంతాన్ని ముందు పెట్టుకుని ఈ విషయం మాట్లాడడానికి కారణం ఉంది. తేలిక విమానానికి పైనుంచి చూడదగ్గవీ, జాగ్రత్తపడాల్సినవీ ఇంత దగ్గర దగ్గరగా ఉన్న నేల ఆంధ్రలో అరుదు.

పైనుంచి ఈ నేల

పడమట నల్లమల, తూర్పున వెలుగొండలు, మధ్యలో మైదానం. ఈ మూడూ ఒకే చూపులో పట్టాలంటే 3,000 అడుగుల ఎత్తు చాలు. మార్కాపురం నుంచి గిద్దలూరుకు గీత గీసినట్టు వెళితే 55 కిలోమీటర్ల లోపే. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి అది 18 నిమిషాల దూరం. మార్కాపురం చుట్టూ పలకల గనుల గుంతలు, పక్కనే చెక్కు రాళ్ల కుప్పలు. తరతరాల బడిపిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు ఆ గుంతల్లోంచి వచ్చినవే. అక్కడి నుంచి నైరుతికి తిరిగితే గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలుపట్టాలు దారి చూపిస్తాయి. దిక్సూచి మీద నమ్మకం చాలని కొత్త పైలట్‌కు రైలుపట్టాలు పాత స్నేహితుల్లాంటివి.

దారిలో అన్నిటికంటే చూడదగ్గది కంభం చెరువు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కట్ట అది. ఎత్తు సుమారు 57 అడుగులు. విజయనగర రాజుల కాలపు పని. శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. కట్ట మీద నిలబడి చూస్తే అదొక పెద్ద చెరువు, అంతే. పైనుంచి చూస్తేనే ఆ కట్టడంలోని తెలివి బయటపడుతుంది. కొండల వరస ఎక్కడ సన్నబడిందో సరిగ్గా అక్కడే కట్ట పడింది. చిన్న గండి మూస్తే వెనక సముద్రమంత నీళ్లు నిలిచాయి. నల్లమల సాగర్ జలాశయం కోసం సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గండ్లకు మన కాలంలో కట్టిన కట్టలదీ ఇదే సూత్రం. విమానంలో కూర్చున్న తొమ్మిదో తరగతి పిల్లకు ఈ రెండింటినీ ఒకే చూపులో చూపిస్తే నీటిపారుదల పాఠం సగం అయిపోయినట్టే.

కంభానికి వాయవ్యంగా నల్లమలలోని ఎత్తయిన శిఖరాలున్నాయి. భైరాని కొండ, గుండ్ల బ్రహ్మేశ్వరం రెండూ 900 మీటర్లు దాటినవే. నల్లమల సగటు ఎత్తు సుమారు 520 మీటర్లు. మైదానం నుంచి చూస్తే నీలంగా, మెత్తగా కనిపించే ఈ కొండల గురించి పైలట్ వేసుకునే లెక్క వేరు. ఆ లెక్క ముందుముందు వస్తుంది.

రన్‌వేలు

మార్కాపురానికి తూర్పున పాతిక కిలోమీటర్ల దూరంలో దొనకొండ ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్‌వాళ్లు అక్కడ విమానాలు దిగేందుకు నేల చదును చేయించారు. యుద్ధం ముగిశాక దానికి పని లేకుండా పోయింది. రాష్ట్ర విభజన తర్వాత 2014లో రాజధాని ఎక్కడన్న చర్చ వచ్చినప్పుడు దొనకొండ పేరు పత్రికల్లో మోగింది. ఆ తర్వాత విమానాశ్రయాన్ని మళ్లీ నిలబెడతామన్న మాట అడపాదడపా వినిపిస్తూనే ఉంది. పెద్ద విమానాల కోసం కలలు కనడం తప్పు కాదు. నాలుగు సీట్ల విమానానికి మాత్రం 800 మీటర్ల గట్టి నేల, ఒక గాలిసంచి, పశువులు రాకుండా కంచె, ఇంధనం పీపాలు పెట్టుకునే షెడ్డు ఉంటే సరిపోతుంది. దొనకొండ విషయంలో ఈ చిన్న కోరిక ముందుగా తీరాల్సిందని నా అభిప్రాయం.

పనిచేస్తున్న నేలల్లో దగ్గరివి నాలుగు. నాగార్జునసాగర్ దగ్గరి ఎయిర్‌స్ట్రిప్ మార్కాపురానికి ఉత్తరంగా 90 కిలోమీటర్ల దూరం. అక్కడి నుంచి శిక్షణ విమానాలు ఎగురుతుంటాయి. 2022 ఫిబ్రవరి 26న నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర కూలిన సెస్నా 152 కూడా శిక్షణ విమానమే. ఒంటరిగా నడుపుతున్న శిక్షణార్థిని మరణించింది. 2021 మార్చిలో మొదలైన ఓర్వకల్లు విమానాశ్రయం గిద్దలూరుకు 90 కిలోమీటర్లే అయినా మధ్యలో నల్లమల అడ్డం. 2015 జూన్‌లో మళ్లీ తెరిచిన కడప కూడా గిద్దలూరుకు దాదాపు అంతే దూరం, దారి మాత్రం సగిలేరు లోయ వెంట సాఫీగా సాగుతుంది. మార్కాపురం నుంచి గన్నవరం విమానాశ్రయం 185 కిలోమీటర్లు. కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద 2022 డిసెంబరు 29న వాయుసేన విమానాలతో పరీక్షించిన అత్యవసర రన్‌వే ఈ లెక్కలోకి రాదు. అది సైన్యం అవసరాలకు.

ఎవరు నడపవచ్చు

మన దేశంలో పైలట్ లైసెన్సులు ఇచ్చేది డీజీసీఏ. 1934 నాటి విమానాల చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. శిక్షణార్థి లైసెన్సు 16 ఏళ్లకే వస్తుంది, కానీ దానితో ఇంటివాళ్లను ఎక్కించుకోవడం కుదరదు. అమ్మను తిప్పాలంటే ప్రైవేట్ పైలట్ లైసెన్సు కావాలి. దానికి 17 ఏళ్లు నిండాలి, వైద్య పరీక్షలో నెగ్గాలి, రాత పరీక్షలు రాయాలి, కనీసం 40 గంటలు ఎగిరి ఉండాలి. అందులో 150 నాటికల్ మైళ్లు, అంటే 278 కిలోమీటర్లు ఒంటరిగా వెళ్లి, మధ్యలో వేరే రెండు చోట్ల దిగి రావడం కూడా ఉంటుంది. ఈ లెక్క ప్రపంచమంతటా ఇంచుమించు ఒకటే.

ప్రైవేట్ లైసెన్సుదారు డబ్బు తీసుకుని ఎవరినీ తిప్పకూడదు. ఊళ్లో పెళ్లికి వచ్చిన చుట్టాలను తలా రెండు వేలకు తిప్పుతానంటే అది విహారం కాదు, వ్యాపారం. దానికి కమర్షియల్ లైసెన్సు, సంస్థకు వేరే పర్మిట్ కావాలి. అమెరికా నిబంధన ఇంకాస్త విడమరిచి చెబుతుంది: ఖర్చు పంచుకోవచ్చు, కానీ పైలట్ తన వాటా తగ్గించుకోకూడదు. నలుగురు ఎక్కితే ఇంధనం, అద్దెలో కనీసం పావు వంతు అతనే పెట్టుకోవాలి. ఎవరినైనా ఎక్కించుకోవాలంటే గడిచిన 90 రోజుల్లో మూడుసార్లు ఎగిరి దిగి ఉండాలన్న నియమమూ అక్కడ ఉంది. ఏడాదికోసారి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మాత్రమే విమానం బయటికి తీసే కొడుకులను దృష్టిలో పెట్టుకుని రాసినట్టుంటుంది ఆ నియమం.

మన దగ్గర మరో చిక్కు కాగితాలు. ఒక విమానాశ్రయం పరిసరాలు దాటి వెళ్లాలంటే ముందుగా ఫ్లైట్ ప్లాన్ ఇవ్వాలి, వాయుసేన నుంచి ఏడీసీ (గగనతల రక్షణ అనుమతి) నంబరు తీసుకోవాలి. కళ్లతో నేలను చూస్తూ నడిపే విహారాలు పగటిపూటే. ఆదివారం పొద్దున లేచి, మబ్బు చూసి, అప్పటికప్పుడు బయల్దేరే అమెరికా అలవాటు ఇక్కడికి రాకపోవడానికి ఇదొక కారణం. ఇంధనం రెండోది. ఈ విమానాలు తాగే ఏవ్‌గ్యాస్‌ను చాలాకాలం విదేశాల నుంచే తెప్పించుకునేవాళ్లం. ఇండియన్ ఆయిల్ సంస్థ 2022 సెప్టెంబరులో సొంతంగా తయారుచేసి విడుదల చేసింది.

బరువుల లెక్క

కుటుంబ విహారంలో మొదటి ఇబ్బంది ఆకాశంలో రాదు, బరువు అడిగే చోట వస్తుంది. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా తయారైన విమానం సెస్నా 172. 1956 నుంచి 44,000కు పైగా వచ్చాయి. నాలుగు సీట్లు ఉన్నాయి కాబట్టి నలుగురు ఎక్కవచ్చని చూసేవాళ్లు అనుకుంటారు. లెక్క వేరేలా ఉంటుంది. కొత్త రకం 172 మొత్తం 1,157 కిలోలకు మించి పైకి లేవకూడదు. విమానం సొంత బరువు పోగా మనుషులకూ సామానుకూ ఇంధనానికీ కలిపి మిగిలేది సుమారు 400 కిలోలు. ట్యాంకులు నిండా పోస్తే ఏవ్‌గ్యాస్ ఒక్కటే 145 కిలోలు తూగుతుంది.

కొడుకు 78, కోడలు 60, నాన్న 72, అమ్మ 65, ఒక చేతిసంచి 6 అనుకుందాం. మొత్తం 281. నిండు ట్యాంకుతో కలిపితే 426. పాతిక కిలోలు ఎక్కువ. ఎవరినీ దింపనక్కర్లేదు, ఇంధనం తగ్గిస్తే చాలు. గంటకు 35 లీటర్ల లోపు తాగే విమానానికి అరగంట విహారం కోసం 80 లీటర్లు పోస్తే రెండు గంటలకు పైగా వస్తుంది. దాని బరువు 58 కిలోలు. ఇప్పుడు మొత్తం 339, హాయిగా ఎగరవచ్చు. నిండు ట్యాంకే క్షేమమన్న ఇంటి లెక్క ఇక్కడ తిరగబడుతుంది.

మొత్తం సరిపోయినా అయిపోలేదు. బరువు ఎక్కడ కూర్చుందన్నదీ చూడాలి. ఇద్దరు బరువైనవాళ్లు వెనక కూర్చుని, వాళ్ల వెనక సామాను పెడితే విమానం తోక బరువెక్కుతుంది. అలాంటి విమానం ముక్కు పైకెత్తుకుని, వేగం కోల్పోయి, పైలట్ మాట వినకుండా పోతుంది. ఎద్దుబండి వెనక బస్తాలు ఎక్కువైతే కాడి పైకి లేవడం చూసిన రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అందువల్ల పైలట్ బరువు అడిగితే సిగ్గుపడి ఐదు కిలోలు తగ్గించి చెప్పడం మర్యాద కాదు. అత్తగారిని బరువు అడగలేని అల్లుడు ఇంట్లోనే తూకం మిషను పెట్టి, ముందు తాను ఎక్కితే సరి.

ఎండ, గాలి, కొండ

మార్కాపురం వేసవి రాష్ట్రమంతా ఎరిగినదే. గాలి వేడెక్కిన కొద్దీ పలచబడుతుంది. రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజన్‌కు ఊపిరి చాలదు. మార్కాపురం ఎత్తు సముద్రమట్టానికి సుమారు 150 మీటర్లు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 14 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 44 ఉంటే 30 డిగ్రీలు ఎక్కువన్నమాట. డిగ్రీకి 120 అడుగుల చొప్పున పైలట్లు వేసుకునే మోటు లెక్క ప్రకారం, విమానం 4,100 అడుగుల ఎత్తులో ఉన్నట్టే పనిచేస్తుంది. అంటే మార్కాపురంలో నిలబడి ఉన్నా దాని రెక్కలకు అది హార్సిలీ హిల్స్ ఎత్తు. రన్‌వే మీద ఎక్కువ దూరం పరిగెత్తాలి, లేచాక నెమ్మదిగా ఎక్కుతుంది. పొద్దున్నే తేలిగ్గా లేచిన నలుగురూ మధ్యాహ్నం అదే రన్‌వే నుంచి లేవలేకపోవచ్చు.

ఆ వేడే కుదుపులకూ కారణం. పలకల గనుల రాళ్లు, నల్లరేగడి దుక్కులు ఎండకు మాడి గాలిని పైకి నెడతాయి. కంభం చెరువు మీద గాలి చల్లగా ఉండి కిందికి దిగుతుంది. దుక్కి మీద నుంచి చెరువు మీదికి రాగానే విమానం ఒక్కసారి గుంతలో పడినట్టవుతుంది. అది గాలి పద్ధతి, విమానంలో లోపమేమీ లేదు. వెనక సీట్లో నాన్నమ్మకు ఆ సంగతి ముందే చెప్పి ఉంటే దణ్ణాలు కొంత తగ్గుతాయి. వేసవిలో ఎగిరితే తొమ్మిదింటికల్లా దిగిపోవాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దుటి మంచు విడిచాక ఉండే వేళే ఈ ప్రాంతంలో విహారానికి మంచి కాలం.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి పడమటి నుంచి వీస్తుంది. అది నల్లమల ఎక్కి అవతల దిగుతుంది. ఆ దిగే వైపే గిద్దలూరు, కంభం, మార్కాపురం. కొండ దాటిన గాలి ఏటి నీళ్లు బండ దాటినట్టు సుళ్లు తిరుగుతూ కిందికి పడుతుంది. చిన్న విమానం ఎంత బలంగా ఎక్కుతున్నా ఆ గాలి అంతకంటే వేగంగా దించేయగలదు. అందుకే కొండవరసకు ఎదురుగా పోకుండా ఏటవాలుగా వెళ్లాలి, అవసరమైతే చటుక్కున తిరిగిపోయేందుకు వీలుంటుంది. శిఖరం మీద కనీసం 1,000 అడుగుల జాగా ఉంచాలి, గాలి గట్టిగా ఉంటే దానికి రెట్టింపు.

ఇంజన్ ఆగితే ఏమిటన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. ఇంజన్ ఆగిన విమానం రాయిలా పడదు, జారుతుంది. సెస్నా 172 ఒక వంతు దిగేలోపు తొమ్మిది వంతులు ముందుకు పోగలదు. నేలకు 3,000 అడుగుల పైన ఉంటే సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ఏదో ఒక చోటు ఎంచుకోవచ్చు. కంది, మిరప కోసిన చేలున్న తూర్పు మైదానంలో ఆ 8 కిలోమీటర్లకు విలువ ఉంది, కరెంటు తీగల సంగతి చూసుకుంటే చాలు. నల్లమల నడిబొడ్డున దానికి విలువ లేదు. అక్కడ దిగేందుకు ఉన్నవి చెట్ల తలలే. కుటుంబంతో ఒక ఇంజన్ విమానంలో వెళ్లేవాళ్లకు దారి రైలుపట్టాల వెంటే, అడవిని పక్క నుంచి చూస్తూ. కింద ఉన్నది పులుల అభయారణ్యం కాబట్టి తక్కువ ఎత్తులో చప్పుడు చేస్తూ తిరగకపోవడం జంతువులకూ మేలు.

జ్ఞాపకంలో ఉన్న ప్రమాదాలు

ఈ ప్రాంతంలో చిన్న విమానం, హెలికాప్టర్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది 2009 సెప్టెంబరు 2. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ ఆ ఉదయం 8:38కి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరింది. నల్లమల మీద వర్షమేఘాల్లో దాని జాడ తెగిపోయింది. మర్నాడు పావురాలగుట్ట దగ్గర శకలాలు కనిపించాయి. అందులోని ఐదుగురూ మరణించారు. శిక్షణ, అనుభవం ఉన్న ఇద్దరు పైలట్లు, రెండు ఇంజన్లు ఉన్న యంత్రానికే వానాకాలపు నల్లమల అంత కఠినమైంది.

అంతకు ఐదేళ్ల ముందు, 2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య, ఆమె అన్న అమర్‌నాథ్ బెంగళూరు జక్కూరు నుంచి ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయల్దేరిన సెస్నా 180 లేచిన కాసేపటికే కూలింది. అందులోని నలుగురూ పోయారు. తెలుగు ఇళ్లలో చిన్న విమానమంటే ఉన్న భయానికి పాతుకుపోయిన వేరు అదే. పిల్ల ఫ్లయింగ్ నేర్చుకుంటానంటే తల్లి మొదట తలచుకునేది ఆ పేరునే.

సొంతవాళ్లను తీసుకెళుతూ పోయినవాళ్ల కథల్లో ప్రపంచానికి ఎక్కువ తెలిసినది అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు జాన్ కెనడీ జూనియర్‌ది. 1999 జులై 16 రాత్రి భార్యను, ఆమె అక్కను ఎక్కించుకుని మార్తాస్ విన్యార్డ్ దీవికి వెళుతూ, చీకట్లో, మసక గాలిలో, సముద్రం మీద దిక్కు తెలియక కూలిపోయాడు. అది బంధువుల పెళ్లికి పోయే ప్రయాణం. చేరాలన్న తొందర ఉంది. ఇంటివాళ్లు వెంట ఉన్నప్పుడు పైలట్ మీద పడే బరువు తూకం మిషను చూపించేది కాదు. అమ్మ రెండు విమానాలు మారి వచ్చింది, రేపే తిరుగు ప్రయాణం, మబ్బు కాస్తే కదా అనిపిస్తుంది. బంధువుల ముందు "ఈరోజు వద్దు" అనగలిగిన వాడికే ఈ పని తగుతుంది. విహారానికి చేరాల్సిన ఊరు లేకపోవడంలోని లాభం కూడా ఇదే, ఎప్పుడైనా వెనక్కి తిరగవచ్చు.

డబ్బిచ్చి ఎక్కే విహారాలు

లైసెన్సున్న చుట్టం లేనివాళ్లకు వేరే దారులున్నాయి. బెంగళూరు జక్కూరులో రెండు సీట్ల మైక్రోలైట్లలో కొద్ది నిమిషాల విహారం చాలాకాలంగా ఉంది. 2022 మేడారం జాతరలో హెలికాప్టర్ విహారానికి మనిషికి 3,700 రూపాయలు తీసుకున్నారు. పశ్చిమ ప్రకాశానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చింది సీప్లేన్. 2024 నవంబరు 9న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు విజయవాడ ప్రకాశం బ్యారేజీ నీళ్ల మీద నుంచి శ్రీశైలం పాతాళగంగకు ప్రదర్శన యాత్ర చేశారు. కెనడాకు చెందిన డీహావిలాండ్ విమానం, 14 సీట్లు. దోర్నాల ఘాట్‌లో బస్సు మలుపులకు కడుపులో తిప్పిన ప్రతి ఒక్కరూ ఆ రోజు టీవీ ముందు నిట్టూర్చి ఉంటారు. అమెరికాలో 1992లో మొదలైన యంగ్ ఈగిల్స్ కార్యక్రమంలో స్వచ్ఛంద పైలట్లు 8 నుంచి 17 ఏళ్ల పిల్లలను ఉచితంగా తిప్పుతారు. 2016 నాటికే ఆ లెక్క 20 లక్షలు దాటింది. అక్కడి తెలుగు ఇళ్ల పిల్లలకూ ఈ తలుపు తెరిచే ఉంది.

వెంట వచ్చేవాళ్లు

మొదటి విహారం 20 నిమిషాలకు మించకూడదు. ఇంకాసేపు ఉంటే బాగుండేదన్న మాటతో దిగినవాళ్లు మళ్లీ ఎక్కుతారు, వాంతి చేసుకుని దిగినవాళ్లు ఎక్కరు. నిట్టనిలువు మలుపులు, ఊరి మీద తక్కువ ఎత్తులో చక్కర్లు పైలట్ గొప్ప కోసమే తప్ప ప్రయాణికులకు ఒరిగేదేమీ ఉండదు. ఖాళీ కడుపుతోనూ వద్దు, పొట్ట పగిలేలా తిన్నాకా వద్దు. రెండు ఇడ్లీలు మేలు. కడుపులో తిప్పుతుంటే కళ్లు మూసుకోకుండా దూరంగా కొండల గీతను చూడమనాలి. కవర్లు సీటు జేబులో ముందే ఉంచాలి, అడిగాక వెతకడం మొదలుపెడితే ఆలస్యమవుతుంది.

దిగేటప్పుడు చెవులు దిబ్బళ్లు వేస్తాయి. నిమిషానికి 500 అడుగులకు మించకుండా దిగితే చాలామందికి తెలియదు. పిల్లల చేతికి ఒక పిప్పరమెంటు, చంటిబిడ్డకు పాలు. జలుబు చేసినవాళ్లను మరో రోజు తీసుకెళ్లడం మంచిది, మూసుకున్న చెవికి ఆ నొప్పి మామూలుగా ఉండదు. ఇంజన్ చప్పుడు గట్టిగా ఉంటుంది కాబట్టి అందరికీ హెడ్‌ఫోన్లు ఉండాలి. అవి పెట్టుకున్నాక మనవాళ్లు ఆపకుండా మాట్లాడతారు. లేచేటప్పుడూ దిగేటప్పుడూ పైలట్ వేలెత్తి చూపితే మౌనం అని నేల మీదే ఒప్పందం కుదుర్చుకోవాలి. బెల్టు ఎలా విప్పాలో, తలుపు ఎలా తెరవాలో అమ్మ చేత ఒకసారి చేయించి చూడాలి, చెప్పి వదిలేయకూడదు.

దిగి, పక్కకు తెచ్చి ఆపాక ప్రొపెల్లరు పూర్తిగా నిలిచేవరకు తలుపు తీయకూడదు. తిరుగుతున్న ప్రొపెల్లరు కంటికి కనిపించదు. తాతయ్య ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంటాడు, పిల్లలు తలుపు తెరవగానే ఆయన వైపే, విమానం ముక్కు వైపే, పరిగెత్తుతారు. తాతయ్యను ముందే రెక్క వెనక్కి పంపించాలి.